టాస్కర్ వాట్కిన్స్ మీద వ్యాసం: సైనికుడికి రెండు పేజీలు, జడ్జికి రెండు లైన్లేనా?

పాలపిట్ట
టాస్కర్ వాట్కిన్స్ మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నా. వేల్స్ మనిషి. 1918 నవంబరు 18న నెల్సన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1944లో విక్టోరియా క్రాస్ (యుద్ధ సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం), 1948లో బారిస్టరు, 1971లో హైకోర్టు జడ్జి, 2007 సెప్టెంబరు 9న మరణం. ఇంతవరకూ పేచీ లేదు. 1944 ఆగస్టు 16 సాయంత్రం గురించి మాత్రం రాస్తుంటే రాస్తున్నంత వస్తోంది, ఆ ఒక్క సాయంత్రమే రెండు పేజీలు మింగేసింది. 22 ఏళ్లు జడ్జిగా చేసినదానికి "తర్వాత ఉన్నత న్యాయమూర్తి అయ్యారు" అన్న ముక్కే మిగిలింది. నాకే సిగ్గేసింది.

పైగా ఆ పదవులు అర్థం కావట్లేదు. 1971లో హైకోర్టు, 1980లో లార్డ్ జస్టిస్ ఆఫ్ అపీల్, 1983లో సీనియర్ ప్రిసైడింగ్ జడ్జి, 1988లో డిప్యూటీ చీఫ్ జస్టిస్. ఇవన్నీ వరసగా ప్రమోషన్లా, లేక ఒకదాని మీద ఒకటి ఉన్న బాధ్యతలా?

యుద్ధం పేరా మొదలు ఇలా రాశాను: "ఫ్రాన్సులో నార్మండీలోని బఫూర్ దగ్గర రైలు కట్ట వైపు, మందుపాతరలు అమర్చిన మొక్కజొన్న చేల మీదుగా వాట్కిన్స్ కంపెనీ కదిలింది..." తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

అచ్చుతప్పు
మొదటి లైన్లోనే ఒకటి దొరికింది. మొక్కజొన్న కాదు. విక్టోరియా క్రాస్ ప్రశంసాపత్రంలో కార్న్‌ఫీల్డ్స్ అని ఉంటుంది. బ్రిటిష్ వాడుకలో కార్న్ అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యపు పైరు. మొక్కజొన్నని వాళ్లు మెయిజ్ అంటారు. "గోధుమ చేలు" అని గానీ "కోతకొచ్చిన పైరు" అని గానీ రాయండి.

తంగేడు
ఇంత చిన్నదానికి అంత పట్టింపా అండీ? చేను చేనే కదా.

సిపాయి_డైరీ
తంగేడు గారూ, చిన్నది కాదు. మొక్కజొన్న అయితే మనిషి నిలబడి నడిచినా కనపడడు. గోధుమ పైరు నడుము దాకానే ఉంటుంది. నిలబడితే నడుము నుంచి పైనంతా శత్రువుకి కనిపిస్తుంది, పడుకుంటే మీకే ఏమీ కనిపించదు. ముందే వచ్చి పడుకున్న మెషిన్‌గన్ వాడికీ, కాళ్ల దగ్గర కట్టిన తీగకీ మాత్రం ఆ పైరు బ్రహ్మాండమైన మరుగు. తూటాని అది ఆపదు. చీకటి కూడా ఇంకా పడలేదు. ఆ కంపెనీ అంత త్వరగా ఎందుకు పలచబడిందో ఆ పైరు ఎత్తే చెబుతుంది.

అచ్చుతప్పు గారికి దండం.

పాలపిట్ట గారూ, మందుపాతరలు అనకండి. అక్కడున్నవి బూబీ ట్రాప్‌లు, అంటే తీగ తగిలితేనో వస్తువు కదిపితేనో పేలే ఉచ్చులు. "పేలుడు ఉచ్చులు" అంటే సరిపోతుంది.

పాలపిట్ట
రెండూ మార్చేశా. సిపాయి_డైరీ గారూ, ఆ సాయంత్రం జరిగినది వరసగా చెబుతారా? నా డ్రాఫ్టులో రెండు దాడులు కలిసిపోయినట్టున్నాయి.

సిపాయి_డైరీ
కలిసిపోవడం మామూలే, ఎందుకంటే అతను శత్రువు మీదికి దూకింది ఒక్కసారి కాదు. 1944 నవంబరు 2 నాటి లండన్ గెజెట్‌లో (బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక) వచ్చిన ప్రశంసాపత్రం ప్రకారం వరస ఇదీ.

వెల్ష్ రెజిమెంట్‌లో ఒక కంపెనీకి అతను నాయకుడు, హోదా లెఫ్టినెంట్. వయసు 25. పైర్లో దాక్కున్న మెషిన్‌గన్ పోస్టుల నుంచీ, వాటి వెనక ఒక 88 ఎంఎం ఫిరంగి నుంచీ కాల్పులు మొదలయ్యాయి. మిగతా ఆఫీసర్లంతా పడిపోయారు, ఇతనొక్కడే మిగిలాడు. ముందుకొచ్చి, దగ్గర నుంచి కాలుస్తున్న రెండు పోస్టుల మీదికి ఒకదాని తర్వాత ఒకటిగా స్టెన్‌గన్‌తో (చేతిలో పట్టుకు కాల్చే చిన్న మెషిన్‌గన్) వెళ్లాడు. అది మొదటి ఘట్టం. చేరాల్సిన చోటికి చేరాక ఒక యాంటీ ట్యాంక్ గన్ దగ్గర జర్మన్ సైనికుడు ఎదురయ్యాడు. స్టెన్ మొరాయించింది. దాన్ని వాడి మొహాన విసిరికొట్టి, వాడు తేరుకునేలోపు పిస్టల్‌తో కాల్చాడు.

రెండోది ఎదురుదాడి. అప్పటికి అతని దగ్గరున్నది సుమారు 30 మంది. పూర్తి బలంతో ఉంటే ఒక కంపెనీలో 120 మంది పైమాటే. వీళ్ల మీదికి 50 మంది జర్మన్లు వచ్చారు. ముందు తనవాళ్ల కాల్పులు ఎటు, ఎలా పడాలో నడిపించాడు, ఆ తర్వాత బయొనెట్ (తుపాకీ మొనకి బిగించే కత్తి) దాడికి తనే ముందు నడిచాడు. ఈ క్రమం మార్చకండి. మొదటి పని చేయకుండా రెండోదానికి వెళ్తే 30 మందీ పోయేవారు.

మూడో ఘట్టాన్ని అందరూ వదిలేస్తారు, నాకు అసలైనది అదే. బెటాలియన్‌ని వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. ఇతని కంపెనీ వైర్‌లెస్ సెట్టు అప్పటికే ధ్వంసమైపోయింది కాబట్టి ఆజ్ఞ అందలేదు. చీకటి పడుతోంది, చుట్టూ శత్రువు. వచ్చిన దారిన పోకుండా శత్రు స్థావరాన్ని పక్కనుంచి చుట్టి వద్దామని నిర్ణయించాడు. మళ్లీ ఆ పైర్లోనే, చాలా దగ్గర్లో ఒక పోస్టు వీళ్లని ఆపింది. మనుషుల్ని చెల్లాచెదరవమని చెప్పి, బ్రెన్‌గన్ (తేలికపాటి మెషిన్‌గన్) పట్టుకుని ఒక్కడే దాని మీదికి వెళ్లి నోరు మూయించాడు. మిగిలినవాళ్లని బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్‌కి చేర్చాడు.

తంగేడు
స్టెన్ అంత కీలకమైన క్షణంలో మొరాయించడం ఏంటి! నిజంగానే అంత నాసి తుపాకీనా?

సిపాయి_డైరీ
నాసి అనను. చవకగా, త్వరగా లక్షల్లో తయారుచేయడానికి పుట్టింది. లోపమంతా మ్యాగజైన్‌లో. 32 తూటాలు రెండు వరసలుగా ఉండి, పైకి వచ్చేసరికి ఒకే వరసగా కుదించుకోవాలి. ఆ ఇరుకు దగ్గర కాస్త మట్టి చేరినా, మ్యాగజైన్ అంచుల రేకు కొంచెం వంగినా తూటా ఏటవాలుగా ఇరుక్కుంటుంది. అందుకే తెలిసినవాళ్లు 32 నింపేవారు కాదు, రెండు మూడు తక్కువే పెట్టేవారు. ఇంకో తప్పు ఏంటంటే, మ్యాగజైన్ ఎడమపక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి చెయ్యి దానిమీదికే పోతుంది. దాన్ని పిడిలా పట్టుకుంటే అది కదిలి తూటా దారి తప్పుతుంది. ముందుభాగంలో గొట్టం తొడుగుని పట్టుకోవాలి.

ఇరుక్కుంటే మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఇరుక్కున్న తూటా దులిపేసి, మళ్లీ మ్యాగజైన్ పెట్టాలి. శత్రువు ఎదురుగా నిలబడ్డప్పుడు ఇదంతా అయ్యే పని కాదు. చేతిలో మిగిలింది సుమారు మూడు కిలోల ఉక్కు. దాన్ని ఏం చేయాలో అతనికి ఆ క్షణంలో తట్టింది.

తంగేడు
ఇప్పుడు అర్థమైంది. ఇలాంటి మనిషి జడ్జి కాక ఇంకేమవుతాడు? ఆ చేలోనే అతను జడ్జి అయిపోయాడు, కోర్టు తర్వాత వచ్చింది. వ్యాసం మొత్తం దీని మీదే నడపండి పాలపిట్ట గారూ.

గుండుసూది
నేను ఒప్పుకోను. సాహసం ఒకటి, న్యాయం చెప్పడం ఇంకొకటి. ఆ యుద్ధంలో ఇచ్చిన విక్టోరియా క్రాస్‌లు 182. అందులో ఎంతమంది జడ్జీలయ్యారు? 1948లో మిడిల్ టెంపుల్ (లండన్‌లోని బారిస్టర్ల సంస్థ) నుంచి బారిస్టరైన మనిషి 1971లో బెంచెక్కాడు. మధ్యలో 23 ఏళ్లున్నాయి. వాటిని మింగేసి "చేలోనే జడ్జి అయ్యాడు" అంటే ఆ 23 ఏళ్ల చాకిరీకి విలువ లేనట్టే. పాలపిట్ట గారి మొదటి ఫిర్యాదు కూడా అదే కదా.

నల్లకోటు
గుండుసూది గారి మాటే నా మాట. ఆ 23 ఏళ్లలో ఏముందో చెబుతా, రాసేవాళ్లు దీన్ని ఎందుకు దాటేస్తారో నాకెప్పుడూ అర్థం కాదు.

వేల్స్ అండ్ చెస్టర్ సర్క్యూట్ మీద ప్రాక్టీసు. ఆరోజుల్లో సర్క్యూట్ అంటే ఊరూరా తిరిగే కోర్టుల వలయం, బారిస్టర్లు జడ్జి వెనకే తిరిగేవారు. 1965లో క్వీన్స్ కౌన్సెల్, అంటే సీనియర్ బారిస్టరు హోదా. ప్రాక్టీసు చేస్తూనే తీర్పరిగా తర్ఫీదు కూడా నడిచింది. రాడ్నర్ క్వార్టర్ సెషన్స్‌కి (మూడు నెలలకోసారి కూర్చునే స్థానిక క్రిమినల్ కోర్టు) 1962 నుంచీ, కార్మార్థెన్‌కి 1966 నుంచీ డిప్యూటీ ఛైర్మన్. 1968 నుంచి మెర్థిర్ టిడ్‌ఫిల్ రికార్డర్, 1970లో స్వాన్‌సీ రికార్డర్. రికార్డర్ అనగానే కోర్టు గుమాస్తా అనుకునేరు! ఆరోజుల్లో రికార్డర్ అంటే ఒక పట్టణపు క్వార్టర్ సెషన్స్‌లో కూర్చుని జ్యూరీతో క్రిమినల్ కేసులు విచారించే పార్ట్ టైమ్ జడ్జి. మిగతా రోజుల్లో అదే మనిషి వేరే కోర్టులో లాయరుగా వాదిస్తాడు. 1971 నాటి కోర్టుల చట్టంతో క్వార్టర్ సెషన్స్ పోయి, 1972 జనవరి 1 నుంచి క్రౌన్ కోర్టు వచ్చింది. ఇతను హైకోర్టుకి వెళ్లింది కూడా 1971లోనే, అందుకే ఇతని జీవితంలో ఆ పదవులు ఆ ఏడాది దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తాయి.

ఇక పాలపిట్ట గారి అసలు ప్రశ్న. అక్కడి హైకోర్టు మన రాష్ట్ర హైకోర్టు లాంటిది కాదు. ఇంగ్లండుకీ వేల్స్‌కీ కలిపి ఒక్కటే. పెద్ద కేసులకి అది మొదటి విచారణ కోర్టు. దాని మీద అపీలు వింటుంది కోర్ట్ ఆఫ్ అపీల్. హైకోర్టులో విభాగాలుంటాయి. వాట్కిన్స్‌ని 1971లో వేసింది ఫ్యామిలీ డివిజన్‌లో, ఆ డివిజన్ కూడా ఆ ఏడాదే కొత్తగా ఏర్పడింది. 1974లో క్వీన్స్ బెంచ్ డివిజన్‌కి మారాడు. 1980లో కోర్ట్ ఆఫ్ అపీల్‌కి, ఇది నిజమైన మెట్టు. తర్వాతి రెండూ దానికి అదనపు బాధ్యతలు. అంటే 1983లోనూ 1988లోనూ అతను లార్డ్ జస్టిస్‌గానే ఉన్నాడు.

పాలపిట్ట
అబ్బ, ఎంత తేట చేశారు! విడాకుల కోర్టులో విక్టోరియా క్రాస్ మనిషి కూర్చున్నాడన్నమాట. సీనియర్ ప్రిసైడింగ్ జడ్జి అంటే ఏం చేస్తాడు మరి?

నల్లకోటు
విడాకులు ఒక్కటే కాదు, పిల్లల సంరక్షణ, దత్తత, కోర్టు తన సంరక్షణలోకి తీసుకున్న పిల్లల తరఫు నిర్ణయాలు కూడా ఆ డివిజన్‌వే.

ప్రిసైడింగ్ జడ్జి అంటే ఒక సర్క్యూట్ పాలన చూసే హైకోర్టు జడ్జి. ఏ జడ్జి ఎక్కడ కూర్చోవాలి, ఏ హత్య కేసు ఏ కోర్టుకి వెళ్లాలి, ఎక్కడ కేసులు పేరుకుపోయాయి, ఇవీ అతని పనులు. వాట్కిన్స్ 1975 నుంచి 1980 దాకా తన సొంత సర్క్యూట్‌కే ఆ పని చేశాడు. 1983లో ఆరు సర్క్యూట్లనీ కలిపి చూసే పదవి ఒకటి పెట్టి ఇతన్ని కూర్చోబెట్టారు. ఆ పదవిలో మొట్టమొదటి మనిషి ఇతనే, 1991 దాకా ఉన్నాడు. తీర్పుల పుస్తకాల్లో ఇది కనపడదు. సాక్షి పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా కూర్చుని "మీ కేసు ఇవాళ రాదు" అనిపించుకుని పోకుండా చూడటమే ఈ ఉద్యోగం.

బొగ్గుగని
అబర్‌ఫాన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? నా దృష్టిలో అతని లాయరు జీవితానికి నడిబొడ్డు అదే.

1966 అక్టోబరు 21, ఉదయం 9:15. మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర అబర్‌ఫాన్ ఊరి పైన కొండ మీద గని వ్యర్థాల గుట్ట, ఏడో నంబరుది, జారి పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది పోయారు. అందులో 116 మంది పిల్లలు. 1921 నాటి విచారణ చట్టం కింద ట్రిబ్యునల్ వేశారు. అధ్యక్షుడు లార్డ్ జస్టిస్ ఎడ్మండ్ డేవీస్, పక్క లోయలోని మౌంటెన్ ఆష్‌లో పుట్టినవాడే. ట్రిబ్యునల్ తరఫున అటార్నీ జనరల్‌ ఎల్విన్ జోన్స్‌తో పాటు నిలబడ్డ కౌన్సెల్ టాస్కర్ వాట్కిన్స్. 76 రోజులు, 136 మంది సాక్షులు, 300 ఎగ్జిబిట్లు. 1967 ఆగస్టులో నివేదిక వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, 1958లో మొదలైన ఆ గుట్టని ఊట నీళ్ల మీద పోశారు. ఊటలు పాత మ్యాపుల్లోనే ఉన్నాయి. గుట్ట అడుగు నీటితో నానింది. సన్నటి బురద వ్యర్థం కూడా దాని మీదే పోశారు. గుట్ట అంతకుముందే జారిన గుర్తులున్నాయి, ఊరివాళ్లు ఫిర్యాదులు కూడా చేశారు. నేషనల్ కోల్ బోర్డు (గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ) పెద్దలు మాత్రం ఊట సంగతి ముందుగా తెలిసే వీల్లేదని చెప్పుకొచ్చారు. సాక్ష్యాలతో ఆ మాట నిలబడలేదు, ట్రిబ్యునల్ బాధ్యతని కోల్ బోర్డు మీదే పెట్టింది.

తంగేడు
మరి ఇతను కోల్ బోర్డుకి వ్యతిరేకంగా వాదించాడా, తల్లిదండ్రుల తరఫునా?

బొగ్గుగని
రెండూ కాదు, ఇక్కడే చాలామంది తప్పు రాస్తారు. తల్లిదండ్రులకి వేరే లాయరు, కోల్ బోర్డుకి వేరే, గని కార్మికుల సంఘానికి వేరే. ట్రిబ్యునల్ తరఫు కౌన్సెల్‌కి క్లయింటు ఉండడు. సాక్షుల వాంగ్మూలాలు సేకరించినాక వరస పెట్టి పిలిచి, ముందుగా ప్రశ్నించేది అతనే. గెలిపించాల్సిన పక్షం లేదు, బయటికి రావాల్సిన నిజం ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రిని సాక్షిగా నిలబెట్టి, అతని నోట తేదీలు, ఉత్తరాలు, జారుడు ఆనవాళ్లు పలికించాలి. గొంతు పెంచితే పని చెడుతుంది, మెత్తబడితే రికార్డులో ఖాళీ మిగులుతుంది.

ఆ నివేదిక ఫలితంగా 1969లో గని గుట్టల భద్రతకి విడిగా చట్టం వచ్చింది. అంతవరకూ గని లోపలి మనిషికి చట్టం ఉంది, గుట్ట కింద ఊళ్లో ఉన్నవాళ్లకి లేదు.

గుండుసూది
నల్లకోటు గారు చెప్పిన మెర్థిర్ రికార్డర్ పదవి 1968. నివేదిక వచ్చిన మరుసటి ఏడాది. అబర్‌ఫాన్ ఆ మెర్థిర్ పరిధిలోదే. పాలపిట్ట గారూ, ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టండి, ఇంకే వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

పాలపిట్ట
పెడతా. తీర్పుల సంగతి? ఏదో ఒక్క తీర్పు అయినా చెప్పకపోతే జడ్జి కనపడడు.

నల్లకోటు
రెండు చెబుతా. ఒకటి ఆర్ వర్సెస్ ఆర్. పెళ్లాం మీద మొగుడు చేసేది అత్యాచారం కిందికి రాదన్న సూత్రం పదిహేడో శతాబ్దపు జడ్జి మాథ్యూ హేల్ రాయగా 1736లో అచ్చైన మాట నుంచి నడుస్తూ వచ్చింది. 1991 మార్చి 14న కోర్ట్ ఆఫ్ అపీల్‌లో అయిదుగురు దాన్ని కొట్టేశారు. లార్డ్ లేన్, సర్ స్టీఫెన్ బ్రౌన్, వాట్కిన్స్, నీల్, రసెల్. అదే ఏడాది అక్టోబరు 23న హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత అపీలు కోర్టు) ఖాయం చేసింది.

గుండుసూది
జాగ్రత్త. తీర్పు చదివింది అప్పటి చీఫ్ జస్టిస్ లార్డ్ లేన్. "వాట్కిన్స్ చరిత్రాత్మక తీర్పు" అని హెడ్డింగ్ పెడితే అబద్ధమవుతుంది. అయిదుగురిలో ఒకడు, అంతే.

నల్లకోటు
కచ్చితంగా. అందుకే రెండోది చెబుతున్నా, అందులో బెంచికి పెద్ద అతనే. 1990, డివిజనల్ కోర్టు (హైకోర్టులోనే ఒకరికి మించి జడ్జీలు కూర్చునే బెంచి), చౌదరి కేసు. ఒక నవల మీద దైవదూషణ నేరం కింద సమన్లు ఇవ్వమంటే మేజిస్ట్రేటు నిరాకరించాడు. ఆ నిరాకరణ మీద విచారణ. దైవదూషణ చట్టం క్రైస్తవాన్ని మాత్రమే కాపాడుతుంది, ఇస్లాంకి వర్తింపజేయాలంటే ఆ పని పార్లమెంటు చేయాలి గానీ జడ్జీలు కాదు అని తేల్చారు. క్రిమినల్ చట్టం పరిధిని కోర్టు పెంచుకుంటూ పోతే, చేసిన రోజున నేరం కానిది తర్వాత నేరమవుతుందన్న భయం ఉంది అందులో.

తంగేడు
ఆగండాగండి. అక్కడ పాత సూత్రాన్ని కోర్టే కొట్టేసింది, ఇక్కడేమో పార్లమెంటు చూసుకోవాలంది. ఏడాది తేడాలో ఒకే జడ్జి రెండు రకాలుగానా?

నల్లకోటు
మంచి ప్రశ్న వేశారు. నాకైతే తేడా ఇలా కనిపిస్తుంది. అత్యాచారం అప్పటికే నేరం. హేల్ మాట దానికి ఒక మినహాయింపు, అదీ పాత ఊహ మీద నిలబడ్డది. మినహాయింపు ఊడదీయడం వేరు, నేరాన్ని కొత్త మతాలకి విస్తరించడం వేరు. గీత ఎక్కడ గీయాలన్నదాని మీద లాయర్లు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. ఆర్ వర్సెస్ ఆర్ మీద కూడా "ఇది చేసిన రోజున నేరం కాదు" అని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపు మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు, 1995లో ఓడిపోయారు. వ్యాసంలో ఈ రెండు కేసులూ ఎదురెదురుగా పెడితే జడ్జి బుర్ర ఎలా పనిచేస్తుందో చదివేవాడికి తెలుస్తుంది. దైవదూషణ నేరాన్ని చివరికి పార్లమెంటే 2008లో ఎత్తేసింది.

మైదానం
రగ్బీ మర్చిపోయారు! 1993లో బెంచి దిగిన ఏడాదే వెల్ష్ రగ్బీ యూనియన్ ప్రెసిడెంటు అయ్యాడు, 2004 దాకా 11 ఏళ్లు. 1995లో ఆట ప్రొఫెషనల్ అయింది, 1999లో మిలీనియం స్టేడియం తెరిచారు, అంతా ఇతని హయాంలోనే. కుర్రప్పుడు గ్లామోర్గన్ వాండరర్స్‌కి అవుట్‌సైడ్ హాఫ్‌గా ఆడాడు. స్క్రమ్ (రెండు జట్లూ గుంపులుగా తోసుకునే ఘట్టం) నుంచి బంతి వచ్చాక కాలితో కొట్టాలా, చేత్తో అందించాలా, తనే దూసుకుపోవాలా అని నిర్ణయించేది ఆ స్థానంలో ఉన్నవాడే. స్టేడియం బయట 2009లో పెట్టిన విగ్రహం ఇతనిదే.

సిపాయి_డైరీ
ఒక ఖాళీ పూరించాలి. బఫూర్ తర్వాత నేరుగా లా చదువుకి వెళ్లినట్టు రాయకండి. రెండు నెలలకి, 1944 అక్టోబరులో, హాలండులోని స్‌హెర్టొఖెన్‌బాష్ పోరులో బాగా గాయపడ్డాడు. అతని ముందువరస యుద్ధం అక్కడితో ఆగింది. గెజెట్ ప్రకటన ఆ గాయం తర్వాత వచ్చింది.

గుండుసూది
తంగేడు గారికి ఒక పోలిక. ఆస్ట్రేలియాలో ఆర్థర్ బ్లాక్‌బర్న్ ఉన్నాడు. 1916లో పోజియెర్‌లో విక్టోరియా క్రాస్, వృత్తి లాయరు, 1933 నుంచి అడిలైడ్ కొరోనర్ (అనుమానాస్పద మరణాలు విచారించే అధికారి). జడ్జి అయింది ఇతను కాదు, కొడుకు రిచర్డ్. ఆదివాసుల భూమి హక్కు మీద 1971లో మిలిర్‌పుమ్ కేసు తీర్పు ఇచ్చింది ఆ కొడుకే. పతకం బెంచికి టిక్కెట్టు కాదని దీంతో తెలుస్తుంది.

తంగేడు
సరే, "చేలోనే జడ్జి అయ్యాడు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్కటి మాత్రం వదలను. వైర్‌లెస్ లేక, ఆజ్ఞ లేక, వచ్చిన దారి వదిలి చుట్టూ తిరిగి వద్దామని ఎంచుకున్నాడే, ఆ నిర్ణయం మీద ఒక పూర్తి పేరా ఉండాలి. బయొనెట్ కన్నా అది పెద్దది.

గుండుసూది
దానికి నాకు అభ్యంతరమే లేదు.

పాలపిట్ట
పేరాల కొలత మార్చేస్తున్నా. బఫూర్‌కి నాలుగు పేరాలు, అందులో ఒకటి పూర్తిగా తిరుగుదారికే. సర్క్యూట్ ఏళ్లకి మూడు, అబర్‌ఫాన్‌కి మూడు, బెంచికి అయిదు, రగ్బీకి ఒకటి. ఆఖరి సందేహం, పేరు ఎలా రాయాలి? "లార్డ్ వాట్కిన్స్" అని కొన్నిచోట్ల చూశా.

అచ్చుతప్పు
అది తప్పు. లార్డ్ జస్టిస్ అన్నది పదవి పేరు, లార్డ్ బిరుదు కాదు. పదవిలో ఉన్నప్పుడు లార్డ్ జస్టిస్ వాట్కిన్స్, దిగాక సర్ టాస్కర్ వాట్కిన్స్. 1971లో హైకోర్టుకి వచ్చినప్పుడే నైట్‌హుడ్, అంటే సర్ బిరుదు, వచ్చింది. 1990లో జీబీఈ అనే పెద్ద గౌరవం కూడా ఇచ్చారు, అయినా పేరు చివర వీసీ (విక్టోరియా క్రాస్) ముందు, మిగతావన్నీ తర్వాత. ఏ బిరుదూ దాన్ని దాటదు. క్వీన్స్ కౌన్సెల్‌ని "రాణీగారి సలహాదారు" అని అనువదించకండి, ఆవిడకి ఇతను సలహాలేమీ ఇవ్వలేదు. "సీనియర్ బారిస్టరు హోదా" అని ఒకసారి వివరించి, ఆపైన క్యూసీ అనే రాసుకుపోండి.